ఆరేయని అవిసె నూనె గుడ్డలు

అగ్నిప్రమాదాల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కుర్చీల వర్క్‌షాపు తగలబడిన కేసులో తప్పు వాచ్‌మన్‌ది కాదనియు, నాదనియు తెలియజేసుకొనుట గురించి.

1. సదరు వర్క్‌షాపులో నేను పాలిషు పని చేయువాడను. మేము కొయ్యకు పట్టించునది అవిసె గింజల నూనె. తాతల నాటి నుంచి బల్లలకు, తలుపులకు ఇదే మెరుగు. ఈమధ్య దీన్నే గుండెకు మంచిదని గొట్టం మాత్రల్లో నింపి మందుల షాపుల్లో అమ్ముచున్నారు. మా ఆవిడ కూడా మింగుతోంది. అంత సాధువైన నూనె అనుకున్నాను.

2. మంటలు లేచిన మరునాడు తమరు విచారణకు రాగా, వాచ్‌మన్ బాబాయికి బీడీ అలవాటున్నదని చెప్పితిని. అది అబద్ధం కాదు. కానీ తమరు అడగక మునుపే చెప్పితిని. ఆ ఒక్క మాట మీద ఆయన ఉద్యోగం పోయినది. నన్ను అక్కడ పనికి పెట్టించింది ఆయనే.

3. మొన్న ఆదివారం ఇంట్లో మంచం కోళ్ళకు ఈ నూనె పట్టించి, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పెరట్లో బకెట్లో పడేసితిని. భోజనం చేస్తుండగా మా ఆవిడ బకెట్లోంచి పొగ వస్తోందన్నది. చేయి పెడితే చురుక్కుమంది. దగ్గర్లో పొయ్యి లేదు, బీడీ లేదు, మనిషి లేడు. ఈ నూనె ఆరునప్పుడు వేడి పుట్టునట. పరిచి ఆరేస్తే గాలికి పోవును, ఉండచుడితే లోలోపలే మగ్గి రాజుకొనును. గుడ్డలు తీగ మీద ఆరేయమని పని నేర్పిన మేస్త్రి మొత్తుకునేవాడు. ముసలాయన చాదస్తమనుకున్నాను. వర్క్‌షాపు కాలిన నాటి సాయంత్రం, మా చిన్నది బడిలో పాట పాడుతుందన్న తొందరలో, గుడ్డలన్నీ రంపపు పొట్టు మీద విసిరేసి పోయినది నేనే.

4. వెంటనే బాబాయి ఇంటికి పరిగెత్తితిని. నేను నోరు తెరవకముందే ఆయన నా చేతులు పట్టుకున్నాడు.

"బీడీ ఆర్పాననే అనుకున్నానురా. అందరూ అన్నిసార్లు అడిగేసరికి ఆర్పలేదేమో అనిపిస్తోంది. నీ పనిముట్లన్నీ కాల్చేశాను, ఏమీ అనుకోకు" అన్నాడు.

అయ్యా, చేయని తప్పు చేశానని ఆ మనిషి నమ్మేశాడు. నమ్మించింది నేను. నిజం చెప్పడానికి వెళ్ళినవాణ్ణి మంచినీళ్ళు తాగి తిరిగొచ్చాను.

5. కావున నివేదికలో ఆయన పేరు కొట్టివేయించి, నా పేరు రాయించి, ఆయన ఉద్యోగం ఆయనకు తిరిగి ఇప్పించ ప్రార్థన. నమ్మకం కలగనిచో తమ ఎదుటనే గుడ్డ ఉండచుట్టి చూపగలవాడను.

తమరు చిత్తగించి, ఎవరి తప్పు వారికే చెందనీయవలెను.

తమ విధేయుడు,
పాలిషు పనివాడు

మరొక మాట: ఇది పంపే ముందు బాబాయికి చదివి వినిపించాను సార్. తరవాత, అయితే నేను కాదా అని అడిగాడు. కాదన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదన్నాను. తిడతాడని తల దించుకుని కూర్చున్నాను. తిట్టలేదు. గుమ్మం దాకా వచ్చి, మెల్లగా అన్నాడు:

"ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదు. ఇక నీకెలా పడుతుందిరా?"