పాత రేటుకు ముప్పై లీటర్లు

మార్చి 22, మంగళవారం

తప్పులుంటే ఉండనీ. ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అక్షరాలు కూడా వంకర... పొద్దున్నుంచి పెట్రోలు గన్ను పట్టుకున్న చెయ్యి, పెన్నును కూడా గన్నులాగే బిగించి పట్టుకుంటుంది. ఈ కాగితమే సర్దుకోవాలి.

ఇవ్వాళ రేటు పెరిగింది. ఎన్నాళ్ళుగానో కదలకుండా ఉన్న రేటు. ఆరింటికి డ్యూటీ ఎక్కేసరికి మిషన్ మీద అంకె మారి ఉంది. మొదటి బండివాడు అంకె చూసి నా మొహం చూశాడు. మొహం అంటే కళ్ళే, మిగతాదంతా స్కార్ఫు. "రాత్రికి రాత్రే పెంచినవా అక్కా?" నేనేం పెంచాను... తల దించుకుని పోశాను. "సున్నా చూడండి" అని చెప్పలేదు. మళ్ళీ.

మేనేజర్ సారు అద్దాల గదిలోంచి చూడనే చూశాడు. సారుది భీమవరం వైపు. కేకలు వెయ్యడు, మెల్లగా అంటాడు, అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. "గన్ను పెట్టేముందు మీటర్లో సున్నా చూపించాలమ్మా. నోటితో చెప్పాలి. చెప్పకపోతే మనం కొట్టేశామనుకుంటారు. చేరి రెండో నెల, ఇంకెప్పుడు నేర్చుకుంటావు?" నెలాఖరు దాకా చూస్తాడట.

లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. సున్నా చూడండి, సున్నా చూడండి. పెదవి దాటదు, అంతే.

మార్చి 23, బుధవారం

మళ్ళీ పెరిగింది. మా ఆయన లేవగానే ఫోనులో రేటు చూస్తున్నాడు. మొహం కడగడం తర్వాత.

మార్చి 25, శుక్రవారం

మా బంకుకొచ్చే వాళ్ళకు ఒక నమ్మకం ఉంది. సరిగ్గా వంద అని అడగరు. నూట పది, రెండు వందల పది, మూడు వందల ముప్పై... వంద, రెండు వందలు అయితే మిషన్లో ముందే తగ్గించి పెట్టి ఉంటారట. పది కలిపి అడిగితే మిషన్ తికమక పడి సరిగ్గా పోస్తుందట. యాదమ్మక్క నవ్వుతుంది. డీజిల్ వైపు చేసేది ఆమే, ఈ బంకులో అందరికంటే పాత మనిషి. "మిషన్ ఏం జేస్తది బిడ్డ. వీళ్ళకు పది రూపాలతోని మనసు నిమ్మలం. పోనీ."

పాల మల్లయ్య తాత మహేశ్వరం అవతలి నుంచి వస్తాడు, మోపెడ్‌కు రెండు వైపులా క్యాన్లు. ఎప్పుడూ నూట పదిదే. ఇవ్వాళ లైన్లో అందరూ రేటును తిడుతుంటే తాత ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు.

"నాకేం పెరగలే. అప్పుడు నూటపదిదే పోయించుకున్న, ఇప్పుడు నూటపదిదే పోయించుకుంటున్న."

లైన్ అంతా నవ్వింది. స్కార్ఫు లోపల నేనూ.

"ఈ ముచ్చట మీ ఆయనకు చెప్పు, జర నవ్వుతడు" అంది యాదమ్మక్క. చెప్పలేదు. ఇప్పుడు నవ్వేటట్టు లేడు.

మార్చి 27, ఆదివారం

మా ఆయన క్యాబు పొద్దున ఎయిర్‌పోర్టు పార్కింగులో పెడితే ఎండ నెత్తి మీదికొచ్చాక ఒక బేరం. అదీ బుద్వేల్. ఇంత దగ్గరి బేరానికా అంతసేపు అని ఆయన బాధ. దారిలో ఏసీ వెయ్యమన్నారట వెనక కూర్చున్నామె.

"ఏసీ వేస్తే నా ఇంట్ల పొయ్యి బందైతది మేడం అన్న. దిగినంక ఫోన్ల నాకు రేటింగు ఒక్కటే చుక్క ఇచ్చింది."

కిరాయి పాతది, డీజిల్ కొత్తది. ఈ మాట రోజూ అంటున్నాడు. అబద్ధమా అంటే కాదు. అన్నం కలిపి, సగంలో వదిలేసి, గేటు దాకా పోయి వచ్చాడు, మళ్ళీ పోయాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను, ఆ చెప్పుల చప్పుడు వింటున్నాను... ఆయన ఒంటి మీద డీజిల్ వాసన, నా చేతుల మీద పెట్రోలు. ఏ సబ్బుకూ పోవు.

బంకులో చేరతానన్నప్పుడు రెండు మాటలు తీసుకున్నాడు నా దగ్గర. మొహం కనపడొద్దు. డీజిల్ వైపు నిలబడొద్దు, తన దోస్తులు వచ్చేది అటే కాబట్టి. "శ్రీశైలం గాని పెండ్లాం బంకుల పోస్తుందంటే నేను పార్కింగుల ఎట్ల కూసోవాలె?" సరేనన్నాను. అందులో నాకు కష్టం ఏముంది, దాక్కోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

మార్చి 29, మంగళవారం

మధ్యాహ్నం ఆయన దోస్తు నర్సింగన్న వచ్చాడు, ఇంకో ఇద్దరు డ్రైవర్లతో. చాయ్ పెట్టాను. వంటింట్లోకి అన్నీ వినిపిస్తాయి. మొదట నర్సింగన్న గొంతు.

"ఫుకట్ల అడుగుతలేం గద. ఈ పెంచుడు మొదలుగాక ముందు ఎంతుండెనో గంతే ఇస్తం. అది న్యాయం."

"అప్పుడు గూడ ఎక్కువే అన్నవ్ గదనే."

"అన్న. ఇప్పుడు దానికి గూడ ఒప్పుకుంటున్న. ఇంతకంటే ఏం జెయ్యాలె?"

నవ్వులు. ఒకడు అడిగాడు – "ఇంతే ఇస్తమంటే పోస్తరా?"

"ముందుగాల చెప్తమా? పోసినంక ఇస్తం." ఇది మా ఆయన గొంతు. "ట్యాంకుల నుంచి గుంజుకుంటరా? రూపాలల్ల అడగొద్దు, లీటర్లల్ల అడగాలె. ముప్పై లీటర్లు అనుడు. పాత రేటు లెక్క గట్టి చేతుల పెట్టుడు. బండి తీసుడు."

శుక్రవారం పొద్దున. కొత్తూరు రోడ్డు బంకు.

మాదే.

గ్లాసులు తీయడానికి వెళ్తే నర్సింగన్న "చాయ్ మస్తుంది వదినె" అన్నాడు. నేను ఎక్కడ పనిచేస్తానో ఆయనకు తెలియదు. కుట్టు పనికి పోతుందని చెప్పి ఉంచాడు ఈయన.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, మా బంకే ఎందుకని. "అందరం పోయించేది ఆడనే గద. నువ్వు బైకుల దిక్కుంటవ్. నీకేం గాదు."

మార్చి 30, బుధవారం

చెప్పాను. సగమే చెప్పాను. అన్నం వడ్డిస్తూ –

"తక్కువ పడ్డయి బంకు సేటు పెట్టుకోడు. ఎవరు పోస్తే వాళ్ళ జీతంల కోస్తరు."

"ఎవరు చెప్పిన్రు?"

"యాదమ్మక్కకు పోయిన్నెల కోసిన్రు. ఎవడో కారోడు ఇయ్యకుండనే పోయిండని."

చెయ్యి కంచంలో ఆగింది. తర్వాత – "గిట్ల అనుకుంట కూసుంటే ఎవ్వడు ఏం అడగలేడు ఇగ. పెంచినోడు యాడనో ఉన్నడు. మాకు చేతికందేది బంకే."

మీ చేతికందేది యాదమ్మక్క అనాలనిపించింది. గ్లాసులో నీళ్ళు పోశాను. నిండి, కింద పడే దాకా పోశాను.

ఆయన చెడ్డవాడు కాదు. పోయిన ఎండాకాలం నాకు జ్వరమొస్తే బేరాలు వదిలేసి దవాఖానాలో నా మంచం పక్కన కింద పడుకున్నాడు. ఏ రేటు న్యాయమో నాకు తెలియదు. పాత రేటు కూడా కొత్తగా వచ్చిన రోజు తిట్లే తిన్నది.

మార్చి 31, గురువారం

యాదమ్మక్కకు చెప్పాలా. చెబితే ఆమె సారుకు చెబుతుంది. సారు పోలీసులను పిలిపిస్తాడు. ముందు వరసలో ఉండేది ఈయనే. చెప్పకపోతే... పొద్దున్నుంచి ఇదే. నూట పది అడిగినతనికి రెండు వందల పది కొట్టబోయాను. ఆమె టిఫిన్ డబ్బాలోంచి చింతకాయ తొక్కు పెట్టింది నాకు. మింగుడు పడలేదు.

మల్లయ్య తాత మోపెడ్ నెట్టుకుంటూ వచ్చాడు. ఎండ. క్యాన్లు అలాగే కట్టి ఉన్నాయి. "నూటపదిది ఊరి దాక వస్తలేదు బిడ్డ. నడిమిట్లనే ఆగుతుంది." ఎవరూ నవ్వలేదు. మొన్న నవ్విన వాళ్ళు కూడా ఉన్నారు లైన్లో.

ఎట్లా వచ్చిందో, మాట వచ్చింది. "సున్నా చూడు తాతా."

తాత కళ్ళు చికిలించి చూశాడు. "సున్నానే ఉన్నది" అన్నాడు.

యాదమ్మక్కకు చెప్పలేదు.

ఏప్రిల్ 1, శుక్రవారం

రాసేస్తే నిద్ర పడుతుందేమో.

ఎనిమిది దాటింది. డీజిల్ వైపు కార్లు ఒకదాని వెనక ఒకటి. ముందు నర్సింగన్న. వెనకే మాది. "ముప్పై లీటర్లు" అన్నది నా దాకా వినిపించింది. యాదమ్మక్క సున్నా చూపించింది, పోసింది, మూత పెట్టింది. డబ్బు తీసుకుని అక్కడే చూసుకుంది.

"అన్నా, తక్కువున్నయ్."

"తక్కువ లెవ్వక్కా. పాత రేటు. మీ సేటుకు చెప్పు."

"సేటుకు నువ్వు చెప్పు. కోసేది నాకు."

"అదంత మాకు తెల్వది. మాకు మాత్రం ఎవడు పెంచుతుండు కిరాయి?"

ఇంజన్ స్టార్ట్ చేశాడు. యాదమ్మక్క వెళ్ళి బండి ముందు నిలబడింది. చీర మీద బంకు కోటు, రెండు చేతులూ బానెట్ మీద. వెనక హారన్లు. మా ఆయన కారు దిగుతాడని చూస్తున్నాను. దిగలేదు. స్టీరింగు వైపే చూస్తున్నాడు.

నేను ఎప్పుడు నడిచానో గుర్తు లేదు. నా లైన్లో ఒకతను "ఓ అక్కా, నాది సగమే పోసినవ్" అంటున్నాడు. నర్సింగన్న కిటికీ దగ్గర నిలబడి స్కార్ఫు కిందికి లాగాను. మొహానికి గాలి తగిలింది.

"నర్సింగన్నా. మిగిలినయ్ ఇయ్యి. పెంచింది యాదమ్మక్క కాదు, తగ్గించుడు గూడ ఆమెతోని కాదు."

"వదినె... నువ్విక్కడేంది?" వెనక్కి తిరిగి మా కారును చూశాడు. మళ్ళీ నన్ను. జేబులోంచి తీసి ఇచ్చాడు, నా చేతికి కాదు, యాదమ్మక్క చేతికి. "చాయ్ పోసినవ్, ఒక్క ముక్క చెప్పొద్దా వదినె" అని గొణిగాడు.

ఈయన కారు వెనక్కి తీశాడు. చుక్క పోయించుకోకుండా రోడ్డెక్కాడు. నా వైపు చూశాడో లేదో, అద్దంలో ఎండ.

మిగతా వాళ్ళు రూపాయల్లో అడిగి పోయించుకున్నారు. యాదమ్మక్క నా స్కార్ఫు చివర పట్టుకుని ఒక్కసారి లాగి వదిలింది, చిన్నపిల్ల జడ లాగినట్టు.

సారు బయటికొచ్చి "గొంతు ఉందన్నమాట" అన్నాడు. ఆదివారం నుంచి నన్ను డీజిల్ వైపు నిలబడమన్నాడు. వద్దనలేదు నేను.

ఏప్రిల్ 2, శనివారం

ఉగాది. ఇవ్వాళ కూడా రేటు పెరిగింది. పచ్చడి చేశాను, వేలితో ముట్టుకుని నాకాడు. కారు తీసుకుని రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ ఊరికే తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం గోడకు చెప్పినట్టు – "నర్సింగ్ గాడు పార్కింగుల అందరికి చెప్పిండు."

"ఏమని?"

"మా వదినె గట్టిదని."

నవ్వుతున్నాడా అని చూశాను. లేదు. కాసేపయ్యాక – "మొహం చూపియ్య అన్నవ్ నాకు. అంతమందిల తీసినవ్."

"నువ్వు దిగుతవనుకున్న" అన్నాను.

లేచి బయటికి పోయాడు. చెప్పులు ఇక్కడే. ఒట్టి కాళ్ళతో.

ఏప్రిల్ 3, ఆదివారం

తెల్లవారింది. చాయ్ పొయ్యి మీద. ఆరింటికి డ్యూటీ.

కారులో రిజర్వు లైటు నిన్న సాయంత్రమే వెలిగింది. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. శుక్రవారం నుంచి ఎక్కడా పోయించలేదు. ఆ లైటుతో వేరే బంకు దాకా పోతాడో పోలేడో, దగ్గరున్నది మాదే. పర్సు తెరిచి చూసుకున్నాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. రూపాయల్లో అడుగుతాడా, లీటర్లలో అడుగుతాడా... ఎంత చేతిలో పెడతాడు. తక్కువ పెడితే నేను యాదమ్మక్కలా బండి ముందు నిలబడతానా.

డీజిల్ వైపు వేశారని ఇంకా చెప్పలేదు. స్కార్ఫు ఉతికాను, తీగ మీద తడిగానే ఉంది. తడిది కట్టుకుపోవచ్చు. ఇక్కడే వదిలేసి పోవచ్చు.

బయట కారు స్టార్టయింది. ఆగింది. మళ్ళీ స్టార్టయింది, ఆగింది. నా కోసమా, డీజిల్ అందకనా.

వెళ్ళాలి. ఈ కాగితాలు ఎవరి కంటబడినా చదవకుండా పొయ్యిలో పెట్టెయ్యండి. ఆయన కంటబడితే, చదివాకే పొయ్యిలో పెట్టమనండి.