పికప్‌కి నాలుగు ఉదాహరణలు

గుంటూరు, సోమవారం.
హనుమాయికి,
ఆటో అన్వర్ క్యారేజీ ఇచ్చాడు. గోంగూర అదిరింది. ఫోన్లో చెబుదామంటే అమ్మ స్పీకర్ పెట్టమంటుందిగా, అందుకే ఖాళీ గిన్నెలో ఈ ఉత్తరం. మిరప సీజనయ్యేదాకా నేను కొట్లోనే ఉండాలి. పై రాష్ట్రాల నుంచి కొనడానికి వచ్చేవాళ్లతో మాట్లాడాలని షావుకారు నన్ను ఇంగ్లీషు క్లాసులో వేశాడు. పికప్ అనే ఒక్క మాటకి బోలెడు అర్థాలుట! వెనక పేజీలో రాశాను, చూడు నీ మొగుడి తెలివి.
నీ పిచ్చయ్య

వెనక పేజీ: కిందపడ్డది తీయడం: శ్రీరమ్య రుమాలు పడితే నేను తీసిచ్చాను. బండి మీద ఎక్కించుకోవడం: శ్రీరమ్యను బస్టాండు నుంచి తీసుకొచ్చాను. ఫోన్ ఎత్తడం: శ్రీరమ్య చేస్తే మొదటి రింగుకే ఎత్తాను. ధర లేవడం: శ్రీరమ్య యార్డులో అడుగుపెట్టగానే మిరప ధర లేచింది.

ప్రత్తిపాడు, మంగళవారం.
శ్రీరమ్య గారి డ్రైవరుగారికి,
ఎవరండీ ఆ మహాతల్లి? నాకు కడుపు మండిపోతోంది, దాచుకోను. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, ఏనాడైనా నన్ను బస్టాండు నుంచి బండి మీద తెచ్చారా? "ఆటో ఎక్కి వచ్చెయ్" అంటారు. నేను ఫోన్ చేస్తే పదో రింగుకి ఎత్తి "ఏంటే" అంటారు.
ఇప్పటికింకా మీ భార్యే,
హనుమాయమ్మ
తా.క.: ఇవాళ కూర లేదు. ఆ రుమాలు నంజుకోండి.

గుంటూరు, బుధవారం.
బంగారం,
అవి జరిగినవి కావే! ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం సొంతంగా అల్లమన్నారు. శ్రీరమ్య మా పంతులమ్మ. ఆవిడ పేరు పెడితే మార్కులు బాగా వేస్తుందని క్లాసంతా అదే పెట్టాం. ఉత్త ఉదాహరణలు.
ఆకలితో, పిచ్చయ్య
తా.క.: ముందు నీ పేరే అనుకున్నా. ఇంగ్లీషులో మరీ పొడుగు, రాయడం రాలేదు.

ప్రత్తిపాడు, గురువారం.
ఏవండోయ్,
అలాగా! అయితే నేనూ నేర్చుకున్నా. పక్కింటి భవ్య డిగ్రీ చదువుతోందిగా, కూర్చోబెట్టి చెప్పింది. ఇవిగో నావి. పత్తి తీస్తుంటే నా గాజు జారిపడింది, బాలు వంగి తీసిచ్చాడు. బాలు నన్ను కొత్త బుల్లెట్ మీద చీరాల తీసుకెళ్లాడు. బాలు ఫోన్ చేస్తే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎత్తాను.
చదువుకుంటున్న హనుమాయమ్మ
తా.క.: పచ్చడి పంపాను. బాలుకి కూడా నచ్చింది.

గుంటూరు, శుక్రవారం.
ఒసేయ్ హనుమాయీ,
బాలు ఎవడే? ఊళ్లో బుల్లెట్ ఉన్న ప్రతివాణ్ణీ తలుచుకున్నా, ఒక్కడూ బాలు కాదు. నాకు తిండి సహించడం లేదు. క్లాసుకి వెళ్లలేదు. బస్తాల మీద నంబర్లు తారుమారు రాసి షావుకారు చేత తిట్లు తిన్నా. ఉదాహరణ అని మాత్రం అనకు, చీరాల దాకా ఎవడైనా ఉదాహరణకి వెళతాడా?
పిచ్చెక్కుతున్న పిచ్చయ్య
తా.క.: చీరాలలో చీర కొన్నాడా?

ప్రత్తిపాడు, శనివారం.
మా ఆయనకి,
బాలు లేడు, బుల్లెట్టూ లేదు. ఉత్త ఉదాహరణలు. మీకు ఒక్కరోజుకే తిండి సహించలేదు, మరి మంగళవారం నేనెంత ఏడ్చానో! ఆ పంతులమ్మ మీద నాకు కోపం లేదు. ఊరికే అల్లిన అబద్ధంలో కూడా మీ బండి వెనక నేను లేనే అని నా బాధ.
రేపు పదింటి బస్సుకి గుంటూరులో దిగుతాను. ఆటో ఎక్కను. బండి తుడిచి తీసుకురండి.
మీ హనుమాయమ్మ
తా.క.: నా పేరు ఇంగ్లీషులో భవ్య చేత క్యారేజీ మూత మీద రాయించాను. నేను దిగేలోపు పదిసార్లు చూసి రాయండి. ఇది ఉదాహరణ కాదు.