నలభై ఒకటో ముఖం

జగ్గయ్యపేట,
30 జనవరి 2005.

చెల్లెమ్మ ఆండాళమ్మకి,

పేట నుంచి నీ అన్నయ్య దశరథరామయ్య దీవెనలు. ఏటా నేను నీకు రాసేది ఒక్క కార్డు, అందులో ఒక్క వాక్యం: 'మీ అబ్బాయి సాయిప్రసాద్ ఆనవాళ్ళతో ఈ ఏడు కూడా ఎవరూ రాలేదు.' ఈసారి కవరు చూసి నీ గుండె జల్లుమని ఉంటుంది. నీ కోడలు ఆమని దగ్గర లేని వేళ చూసుకుని, కూర్చుని చదువు.

అసలు సంగతికి ముందు కాస్త అటూ ఇటూ తిరుగుతా. నా తీరు నీకు తెలుసుగా, ఉప్పు కోసం బజారుకెళ్ళి హార్మోనియం కొనుక్కొచ్చిన మనిషిని. ఆ పెట్టె మీద ముప్ఫయ్యేళ్ళు సాధన చేస్తే రెండు పాటలొచ్చాయి, అందులో ఒకటి ఏ పాటో పక్కింటివాళ్ళకి ఇప్పటికీ తెలియదు. తర్వాత కార్డుల మీద చదరంగం పట్టుకున్నా. గుడివాడలో ఒకాయనతో ఎత్తుకో కార్డు చొప్పున నాలుగేళ్ళు ఆడా. గెలవబోతుండగా ఆయన పోయాడు. వాళ్ళబ్బాయి రాసిన కార్డులో ఆ కబురుతో పాటు ఆయన ఆఖరి ఎత్తు కూడా ఉంది. ఆ ఎత్తుతో నేను ఓడిపోయా.

ఐదో తరగతితో బడి మానేసి, కొట్లో కట్టిచ్చిన పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ణి. సాగర్ కాలువ మీద లస్కరు ఉద్యోగం. తలుపులెత్తడం, దించడం, గట్టు కాయడం. కాలువలో నీళ్ళతో పాటు మనుషులూ కొట్టుకొచ్చి తలుపుల దగ్గర ఆగేవాళ్ళు. పైన ఏ ఊళ్ళో దిగారో, ఎక్కడ జారారో ఎవరికీ తెలియదు. స్టేషన్ వాళ్ళు ఫొటో తీయమంటే స్టూడియోల వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు, పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళే కెమెరా మైలపడుతుందని. నా దగ్గరొక పాత డబ్బా కెమెరా ఉండేది, దానికి పెళ్ళిళ్ళు చూసే యోగం లేదు. అలా మొదలైంది. తొంభై మూడులో రిటైరయ్యాక ఇదే నా ఉద్యోగమైంది, హైవే మీద పోయిన అనామకులు కూడా నా దగ్గరికే వచ్చారు. నేనూ, ఆసుపత్రిలో పనిచేసే జీవరత్నం కలిసి పాలేటి ఒడ్డున గొయ్యి తీసి మట్టి చేసేవాళ్ళం. ఎవరి మతమేమిటో తెలియదు గనక అతను ఒక ప్రార్థన చదివేవాడు, నేను మూడు పిడికిళ్ళ మట్టి వేసి గోవిందా అనేవాణ్ణి. ఫొటో ఆల్బంలో అంటించి కింద తేదీ రాసేవాణ్ణి. ఇప్పటికి నూట పన్నెండు మంది. మా ఆవిడ సౌభాగ్యం ఆ ఆల్బాన్ని గడప దాటనివ్వదు, వరండాలో హార్మోనియం కిందే దాని మకాం. ఎవరైనా తమవాళ్ళని వెతుక్కుంటూ వస్తే, "మీ చుట్టాల కోసం వచ్చారు" అని నన్ను కేకేస్తుంది.

ఇందులో నాకొక అలవాటుండేది. పంచనామా రాసుకున్నాక, ఫొటో తీసేముందు ముఖం కడిగేవాణ్ణి. తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టేవాణ్ణి. గడ్డం పెరిగి ఉంటే గీసేవాణ్ణి. ఒకసారి కానిస్టేబులు భవానీప్రసాద్ చూసి నవ్వాడు.

"ఏంది రామయ్యగారూ, పెళ్ళిచూపులకి పంపుతున్నారా ఈణ్ణి?"

"రేపు వీళ్ళమ్మ చూసేది ఇదే కదయ్యా."

"దొరికినోణ్ణి దొరికినట్టు తీయాలండీ. మీ సోకులకి పోలికలు మారిపోతై."

"కన్నతల్లికి తెలియదటయ్యా పోలిక?" అన్నా, పెద్ద తెలిసినవాడిలా. ఆ మాటే ఇవాళ నన్ను తింటోంది.

నువ్వు మొదటిసారి వచ్చింది తొంభై ఐదు మే నెలలో. మీవాడు ఇంట్లో మాటా మాటా అనుకుని వెళ్ళిపోయి అప్పటికి నాలుగు నెలలు. ఆమని ఆరు నెలల నిఖితని భుజాన వేసుకుని నీ వెనకే నిలబడింది. ఫొటో ఉందా అమ్మా అంటే స్టేషన్లో ఇచ్చేశామండి అన్నావు. ఆనవాళ్ళు చెప్పమంటే 'ఒత్తు గడ్డం, మీసాలు' అన్నావు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ నలభై ఒకటో ఫొటో దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి ఆన్చావు.

"ఎంత బాగా తీశారండీ అన్నయ్యగారూ. నిద్రపోతున్నట్టే ఉన్నాడు."

తర్వాత ఆఖరి పేజీ దాకా తిప్పి, "వీళ్ళలో లేడండి" అని లేచావు.

చెల్లెమ్మా, నా హార్మోనియాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. నా చదరంగాన్ని మెచ్చుకోవలసినవాడు గెలిచి పోయాడు. జన్మకి నాకు దక్కిన మెప్పు నీ మాట ఒక్కటే. పదేళ్ళుగా పేటలో ఆ మాట చెప్పుకోని అరుగు లేదు. అప్పుడు నేను అనాల్సిన ముక్క ఒకటుంది. ఆ నలభై ఒకటో మనిషికి దొరికినప్పుడు గడ్డం ఉంది, మీసంతో సహా నేనే తీసేశా. నువ్వు గడ్డం అనగానే నాకు నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో నువ్వు మెచ్చుకున్నావు, మింగేశా. ఆ మెప్పు ఎక్కడ పోతుందోనని కొంత, స్టేషన్లో చీవాట్లు పెడతారని కొంత. కన్నతల్లే కాదందిగా అని మిగతాది సర్దుకున్నా.

పోయిన సోమవారం బెజవాడలో కన్ను చూపించుకుని వస్తూ నందిగామలో దిగి మీ గాజుల కొట్టుకొచ్చా కదా. నువ్వూ ఆమనీ బేరంలో ఉన్నారు. నిఖిత జ్వరంతో చాప మీద నిద్రపోతోంది. ఆ పిల్లని లోగడ పదిసార్లు చూసి ఉంటా, ఏమీ తోచలేదు. మీవాణ్ణి నేను ప్రాణంతో చూడలేదు. నా ఆల్బంలో అందరివీ మూసిన కళ్ళే. మీ ఇంట్లో ఒకరు కళ్ళు మూసుకుంటే తప్ప నాకు పోలిక అందలేదు. అవే కలిసిన కనుబొమలు. చుబుకం మీద అదే సొట్ట. ఆ సొట్టలో ఆ రోజు నా కత్తి ఆగిపోతే, వేలితో చర్మం లాగిపట్టి గీశా. నేను మర్చిపోయినా నా వేలు మర్చిపోలేదు. కాఫీ తాగి వెళ్ళమని నువ్వంటున్నా బస్సు పేరు చెప్పి పారిపోయింది అందుకే.

21 ఫిబ్రవరి 95న తలుపుల దగ్గర దొరికాడు. పాలేటి ఒడ్డున మూడో వరసలో ఉన్నాడు, తలవైపు గుర్తు రాయి పెట్టా.

ఏటా పెనుగంచిప్రోలు తిరునాళ్ళ అయిన వారానికి గారెలూ, నువ్వుండలూ కట్టుకుని వస్తావు. ఆల్బమంతా చూస్తావు. నన్ను పీట మీద కూర్చోబెట్టి తినిపిస్తావు. నేను తినేదాకా నువ్వు మంచినీళ్ళైనా ముట్టవు. "తృప్తిగా తిన్నారా అన్నయ్యగారూ" అని మూడుసార్లు అడిగి గానీ కదలవు. ఇంకా వెతుక్కుంటోంది పాపం అని నీ మీద జాలిపడుతూ నేను ఇంకో గారె అందుకునేవాణ్ణి. నీ కొడుకుని నీకు కాకుండా చేసిన చేత్తోనే నీ గారెలు తిన్నా.

ఆల్బం స్టేషన్లో ఇచ్చేసి ఈ పని మానుకుంటున్నా. ఆమనికి ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించు. నీ వల్ల కాకపోతే నేనే వచ్చి చెబుతా.

క్షమించమని అడిగే ముఖం లేని
దశరథరామయ్య


నందిగామ,
8 ఫిబ్రవరి 2005.

అన్నయ్యగారికి ఆండాళమ్మ నమస్కారాలు.

మీ కవరు మూడుసార్లు చదివానండి. మీలాగా చుట్టూ తిరిగి రాయడం నాకు చేతకాదు. ఉన్నమాట రాస్తున్నా.

నేను ఆ రోజే గుర్తుపట్టా.

మావాడు గడ్డం పెంచింది పెళ్ళయ్యాకే, రెండేళ్ళు. అంతకు ముందంతా నేను చూసింది నున్నటి ముఖమే. నాకు తెలిసిన పిల్లాణ్ణే మీరు నాకు చూపించారు. గడ్డంతో ఉంటే ఒక్క క్షణమైనా తడుముకునేదాన్నేమో. ఫొటో మీద చెయ్యి పెట్టింది మెచ్చుకోలుకి కాదండి. నా వెనక ఆమని ఉంది. కాస్త మెడ వంచితే దానికి కనిపిస్తుంది. అందుకని కప్పేశా. చెయ్యి పెట్టినందుకు ఏదో ఒకటి అనాలి గనక ఆ మాట అన్నా. ఆ మాట మీరు పదేళ్ళు దాచుకున్నారని తెలిసి నాకు సిగ్గేసింది.

దానికప్పుడు ఇరవై రెండు. మా ఆయన పోయినప్పుడు నాకు ఇరవై నాలుగు. పదో రోజున మావాళ్ళే నా చేతులు గట్టిగా పట్టుకుని గాజులు పగలగొట్టారు. ఒక ముక్క మణికట్టులో దిగింది, మబ్బు పట్టినప్పుడల్లా ఇప్పటికీ సలుపుతుంది. తర్వాత బతకడానికి పెట్టుకున్నది గాజుల కొట్టే. నేను తొడిగితే మంచిది కాదంటారని, నేను పెట్టెలు అందిస్తే పనిమనిషి బేబి తొడిగేది. మావాడు పోయాడని చెబితే పదో రోజున ఆమని చేతులు పట్టుకోవాల్సింది నేనే. కనపడలేదంటే ఎవరూ పట్టుకోరు. మీ వరండాలో ఆ కాసేపట్లో నేను ఆలోచించుకున్నది అంతే.

ఫొటో కింద మీరు రాసిన తేదీ చూసుకుని, ఇంటికెళ్ళి పంచాంగం తీశా. మాఘ బహుళ సప్తమి. ఇంట్లో తద్దినం పెడితే ఆమనికి తెలుస్తుంది. పురోహితుణ్ణి పిలిస్తే ఊరికి తెలుస్తుంది. వాడికి మట్టి వేసిన చెయ్యి మీది. అందుకని మీకు పెట్టా. తొమ్మిదేళ్ళూ మీరు తిన్న గారెలు వాడి తద్దినమేనండి. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. చెప్పకుండా పెట్టినందుకు మీరే నన్ను తిట్టాలి.

ఆమనికి ఇప్పుడు ముప్ఫై రెండు. గాజులు తొడిగేది అదే. హైదరాబాద్ బస్సు ఆగినప్పుడల్లా, ఎవరి చెయ్యి పట్టుకుని ఉన్నా తలెత్తి రోడ్డు వైపు చూస్తుంది. మూడేళ్ళ కింద వెంకట్ అని ఒక మాస్టారు దాన్ని చేసుకుంటానని అడిగించాడు. మంచివాడు, నిఖితని బాగా చూసేవాడు. "రేపు ఆయనొస్తే ఏం సమాధానం చెప్పను అత్తయ్యా?" అంది. నేను పక్కనే కూర్చుని గాజులు తుడుస్తున్నా. నోరు విప్పలేదు. ఆ అబ్బాయి వేరే పెళ్ళి చేసుకున్నాడు. నేను దాన్ని విధవ కానివ్వలేదండి. ఇంకేమీ కూడా కానివ్వలేదు.

ఈ సప్తమికి ముగ్గురం వస్తాం. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టను. అప్పటిదాకా ఆల్బం ఎవరికీ ఇవ్వకండి.

ఒక్కటి అడుగుతా. కడిగి, దువ్వినాక వాడెలా ఉన్నాడో నేను చూశా. ముట్టుకోక ముందు ముఖం మీకే తెలుసు. భయపడ్డట్టున్నాడా? కావాలని దిగాడా, కాలు జారిందా, ముఖంలో ఏమైనా తెలిసిందా? ఏది ఉంటే అది రాయండి. రేపు ఆమని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీ చెల్లెలు
ఆండాళమ్మ


జగ్గయ్యపేట,
12 ఫిబ్రవరి 2005.

చెల్లెమ్మకి,

మూడు ఉత్తరాలు రాసి చింపా, ఇది నాలుగోది. మొదటి దాంట్లో, నిద్రలో ఏదో మంచి కల చూస్తున్నట్టున్నాడని రాశా. రెండో దాంట్లో, కాలు జారిన మనిషేనని, గుప్పిట్లో గట్టు మీది గడ్డి ఉందని రాశా. మూడోది ఇంకా బాగా కుదిరింది, చదువుకుని నేనే కళ్ళు తుడుచుకున్నా. ఏ అరుగు మీదైనా చెల్లే కథలే అన్నీ.

నాకు గుర్తు లేదు. దగ్గరికి వెళ్తూనే చెంబుతో ముఖాన నీళ్ళు పోసి, తల తిప్పుకుని కళ్ళు మూసేవాణ్ణి. కడిగాకే చూసేవాణ్ణి. వాళ్ళమ్మల కోసం చేస్తున్నానని అందరికీ చెప్పా. ఆ ముఖాల వంక చూడలేక చేసుకున్నా. నూట పన్నెండు మందిలో ఒక్కరి అసలు ముఖం కూడా నా దగ్గర లేదు. ఆమని అడిగితే ఈ మాటే చెబుతా.

నీ ఉత్తరం సౌభాగ్యానికి చదివి వినిపించా. అది లేచింది. వరండాలోకి వెళ్ళి, ఆల్బం తనే తీసుకుని గడప దాటించి, నేను కూర్చునే పీట పక్కన ఇంకో పీట వేసి దాని మీద పెట్టింది.

సప్తమినాడు ముగ్గురూ రండి. ఈసారి తెలిసే తింటా. తిన్నాక నన్ను మాత్రం తృప్తిగా తిన్నారా అని అడగకు.

దశరథరామయ్య