మూడు మడిగెలు లేచినవి, ఆరు లేవవలసి ఉన్నవి

దిల్‌సుఖ్‌నగర్,
తేది: 9-5-2011

శ్రీయుత ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
చిన్న దుకాణముల పునర్నిర్మాణ సహాయ విభాగము,
ఎల్బీ నగర్.

అయ్యా,

విషయం: బందు నాడు కాలిపోయిన తొమ్మిది మడిగెలను మేమే కట్టుకొనుచుండగా రెండవ విడత సొమ్ము ఆపివేసినందున, ఆపవద్దని కోరుట గురించి.

సూచిక: శనివారం నాడు మాకు అందిన తమ నోటీసు. దాని మీద నంబరు ఉండినది గాని తడిసి చెరిగినది. గోడకు నీళ్ళు పడుతూ ఆ చేతితోనే అందుకున్నాను. మన్నించవలెను.

నేను సైదమ్మ, కీర్తిశేషులు దశరథ భార్యను. మాది నల్లగొండ జిల్లా. పట్నం వచ్చి ఇరవై రెండేళ్ళు అయినది. నాలుగవ తరగతి వరకు చదివాను. సంఘంలో నాకంటే చదివినవారు ఉన్నారు గాని, నోటీసు చూసి ఎనిమిది మందికీ కోపం వచ్చినది. కోపంలో రాసిన అర్జీ పనికి రాదని జిరాక్స్ దుకాణం పట్టాభి గారు చెప్పారు. ఆయన దగ్గర నమూనా అర్జీలు ఉంటాయి. నంబర్లు వేసి రాస్తే ఆఫీసు వారు చదువుతారని అన్నందున, నంబర్లు వేస్తున్నాను.

1. మా మడిగెలు దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీ నగర్ పోవు పెద్ద రోడ్డు వెనుక గల్లీలో ఒకే వరుసగా ఉన్నవి. ఒక్కొక్కటి ఎనిమిది అడుగుల వెడల్పు. పోయిన డిసెంబరులో బందు నాడు రోడ్డు మీద టైర్లు కాల్చారు. గాలి గల్లీ వైపు తిరిగినది. మొదట జంగయ్య పంక్చర్ దుకాణం అంటుకున్నది, అందులో ఉన్నవి కూడా టైర్లే గనుక. తరువాత పైన రేకులు పటపట పేలి తొమ్మిదీ పోయినవి. ఎవరు కాల్చారని పోలీసు వారు అడిగారు. మేము షట్టర్లు వేసుకొని ఇళ్ళలో ఉన్నాము, చూడలేదు. మా వరుసలో ఐదుగురు ఇక్కడి వారు, నలుగురు కోస్తా నుండి వచ్చినవారు. మంట మాత్రం ఎవరిది ఏ జిల్లా అని అడగలేదు.

2. కాంట్రాక్టరు లేకుండా సంఘం పెట్టుకొని మీరే కట్టుకొనవచ్చునని తమ శాఖ వారు చెప్పినందుకు మేము చాలా సంతోషించినాము. మొదటి విడత సొమ్ము సంఘం పేర వచ్చినది. ఆ సాయంత్రం బూడిదలోనే కుర్చీలు వేసి మీటింగు పెట్టుకున్నాము. జంగయ్య పంక్చర్లు వేయక ముందు తాపీ పని చేసేవాడు.

"ఊర్ల నాట్లకు ఎట్ల పోతుంటిమి? ఇయ్యాల నీ మడి, రేపు నా మడి. ఎవలకూ కూలి లేదు, బదులుకు బదులు. గట్లనే కడ్దాం. అందరం కలిసి ఒక మడిగె లేపుదాం, అది అయినంక ఇంకోటి" అన్నాడు.

"మరి ముందు ఎవరిది అన్నయ్యా?" అని కర్రీ పాయింట్ నాగేశ్వరి గారు అడిగారు. ఆమెది కోస్తా. హాస్టళ్ళలో ఉండి కోచింగు చదివే పిల్లలందరూ ఆమె కూరల మీదనే బతుకుతారు.

"ఎవలు ఆగలేరో వాళ్ళది. పండిన చేను ముందు కోస్తం గద."

"అయితే నాదే. కూర సాయంత్రానికి పాచిపోద్ది."

అందరూ నవ్వారు. ఆ విధంగా మొదటిది కర్రీ పాయింట్, పరీక్షల రోజులు గనుక రెండవది జిరాక్స్, పెళ్ళి ముహూర్తాలు ఉన్నందున మూడవది కిష్టమ్మ గాజుల దుకాణం కట్టినాము. ఈసారి రేకులు కాదు, స్లాబు. నాగేశ్వరి గారు ఇటుకలు మోసినప్పుడు వడ్డాణం పెట్టుకున్నట్టు నడుముకు తువ్వాలు బిగిస్తారు. పట్టాభి గారు ఇసుక జల్లెడ పడుతూ లెక్క తప్పి మళ్ళీ మొదటి నుండి లెక్కిస్తారు, ఎవరూ లెక్కించమనలేదు. మూడు నెలలుగా మా గల్లీలో ఇంత నవ్వు ఎన్నడూ లేదని పక్క గల్లీ వారు అంటున్నారు.

3. కష్టం ఇక్కడ మొదలైనది. తమ ఇంజినీరు సారు తనిఖీకి వచ్చారు. రెండవ విడతకు తొమ్మిది మడిగెలూ బేస్‌మెంటు వరకు లేచి ఉండవలెనట. ఆయన మూడు మడిగెలు పూర్తిగా చూసినారు, తాళాలు సహా. మిగిలిన ఆరు చోట్ల ఖాళీ జాగ చూసినారు. కాగితం మీద మూడింటికి "దశ దాటినది" అని, ఆరింటికి "పురోగతి లేదు" అని రాసినారు. అందుచేత మొత్తం సొమ్ము ఆపినారు. పదిహేను రోజుల లోపల ఆరు బేస్‌మెంట్లు చూపకపోతే ఆ ఆరింటిని జాబితా నుండి తీసివేస్తామని తమ నోటీసులో ఉన్నది.

అయ్యా, తొమ్మిది పునాదులు వేసి ఉంటే మాకు సొమ్ము వచ్చేది. కాని పునాదిలో కూర్చొని ఎవరు కూర అమ్ముతారు? మూడు దుకాణాలు ఇప్పుడు నడుస్తున్నవి. ఆ మూడింటి వారే మిగిలిన ఆరింటి కోసం పొద్దున్నే ఇటుకలు చేరవేస్తున్నారు. ఇది తప్పు అని మాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఊరిలో సగం నాటిన మడులు తొమ్మిది పెట్టుకొని ఎవరూ కూర్చోరు గనుక, మాకు తోచలేదు.

4. కూలీల పట్టీ ఇవ్వలేదని కూడా రాసినారు. ఇవ్వలేదు, నిజమే. తనిఖీ కాగితంలో కూలి అన్న చోట పట్టాభి గారు "లేదు" అని రాసినారు. ఇంజినీరు సారు అడిగినారు:

"కూలి లేకుండా గోడ ఎట్లా లేచింది?"

"మేమే లేపినం సార్" అన్నది కిష్టమ్మ.

"మీరు అంటే ఎవరు?"

ఆమె చేతిలో ఇటుక ఉన్నది. "ఇది జర పట్టుకోండి సార్, చెప్త" అని ఆయన చేతికి ఇచ్చినది. ఆయన ఏదో ఆలోచిస్తూ పక్కనున్న నాగేశ్వరి గారికి అందించినారు. ఆమె జంగయ్యకు అందించినారు. కిష్టమ్మ ఇంకొకటి ఇచ్చినది. ఆ విధంగా చెప్పడం అయ్యేసరికి నూట ఎనభై ఇటుకలు అటు పోయినవి. ఆయన మంచివారు. పెన్ను చెవి మీద పెట్టుకొని అందించినారు.

5. పై సంగతి వలన ఒక చిక్కు వచ్చినది. మా పద్ధతిలో ఎవరు చేయి వేసినా వారికి అంత పని తిరిగి చేయవలెను. లేకపోతే మేము ఆయనకు బాకీ పడినట్టు. బడంగ్‌పేటలో ఆయన ఇంటికి ప్రహరీ గోడ కడుతున్నారని తెలిసినది. ఒక పూట వచ్చి చేసి పోతామని జంగయ్య ఫోను చేస్తే, "అమ్మో, వద్దు, లంచం అంటారు" అని ఆయన ఫోను పెట్టేసినారు. అయ్యా, ఇది లంచం కాదు. ఆయన మా సొమ్ము ఆపిన తరువాత కూడా మేము పోవడానికి సిద్ధంగా ఉన్నాము. ఒక పూట పని చేసి రావడానికి అనుమతి కాగితం ఇప్పించవలెను.

6. ఈ నంబరు రాయడానికి నాకు ఒక పూట పట్టినది.

తొమ్మిదవ నంబరు మడిగె నాది. నాది అంటే నా కొడుకు మహేందర్ కొన్నది. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. తెలంగాణ రావాలని ప్రతి మీటింగుకు పోయేవాడు. పొద్దున షట్టరు లేపగానే నాగేశ్వరి గారు వానిని అడిగేవారు:

"ఏం మహేందరూ, మమ్మల్ని ఎప్పుడు పంపించేస్తున్నావు?"

"ఇయ్యాల పులుసు ఏం పెట్టినవ్ పిన్నీ?"

"బెండకాయ."

"అయితే ఇంకో వారం ఉండుండ్రి తియ్."

రోజూ ఇదే మాట, రోజూ ఆమె ఒక పాకెట్ ఎక్కువ కట్టేవారు. కిందటి సంవత్సరం ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర లారీ గుద్ది వాడు పోయినాడు. ఇరవై ఆరేళ్ళు.

వాని దగ్గర బాగుచేయడానికి ఇచ్చిన ఫోన్లు ముప్పై ఒకటి ఉండినవి. ఎవరివి వారికి ఇవ్వాలని నేను పోయి కూర్చున్నాను. అన్నీ ఇచ్చేయడానికి నాలుగు నెలలు అయినది. అయిపోయిన తరువాత కూడా నేను పోయి షట్టరు లేపి, అద్దం తుడిచి, సాయంత్రం దించి వచ్చేదానిని. వరుసలో ఎవరూ ఎందుకని అడగలేదు. తరువాత మడిగె కాలిపోయినది.

ఇంజినీరు సారు అడిగినారు, ఇక్కడ ఏం వ్యాపారం జరుగుతుందని. ఏమీ జరగదు సార్, నేను కూర్చుంటాను అన్నాను. ఆయన "వ్యాపారం లేదు" అని రాసినారు. ఆయన రాసినది అబద్ధం కాదు. అందుకే వరుసలో నాది ఆఖరు పెట్టమన్నాను. మిగిలిన వారికి దుకాణం లేచిన రోజు నుండి పొయ్యి వెలుగుతుంది. నాకు పొద్దున్నే లేచి గోడలకు నీళ్ళు పట్టే పని ఉన్నది, అది చాలు. పచ్చి గోడ ఎండకూడదు, రోజుకు మూడుసార్లు తడపాలి. ఆ పనికి నేను తప్ప ఎవరూ పైపు ముట్టకూడదని చెప్పి ఉంచాను.

కావున తమరిని కోరుకొనునది:

(క) మా తొమ్మిది మడిగెలను తొమ్మిది పనులుగా గాక ఒక్క పనిగా ఎంచవలెను. అట్లా ఎంచితే మూడు వంతులలో ఒక వంతు పూర్తి అయినది, తొమ్మిది బేస్‌మెంట్ల కంటే అది ఎక్కువే.

(ఖ) కూలి లేని గోడ కూడా గోడయేనని రాసి రెండవ విడత సొమ్ము విడుదల చేయవలెను.

(గ) ఏదో ఒకటి తీసివేయక తప్పదంటే తొమ్మిదవ నంబరు తీసివేసి, మిగిలిన ఐదింటికి ఇవ్వవలెను. వారికి పిల్లలు, కిరాయిలు, స్కూలు ఫీజులు ఉన్నవి. నా సంతకం కింద ఉన్నది, నాకు అభ్యంతరం లేదు.

మా గోడల తడి ఆరక ముందే పై సంగతులన్నీ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సైదమ్మ,
మడిగె నంబరు 9

తా.క.: పైన (గ) అని ఉన్నది రద్దు. కొట్టివేస్తే అర్జీ చెల్లదని పట్టాభి గారు అంటున్నందున అట్లాగే ఉంచి కింద రాస్తున్నాను. జిరాక్స్ తీస్తున్నప్పుడు నాగేశ్వరి గారు కూర పాకెట్లు కట్టడం వదిలిపెట్టి వచ్చి చదివినారు.

"ఇదేంటి అక్కయ్యా, నీ పేరు నువ్వే కొట్టేసుకున్నావు?"

"సర్కారు ఏదో ఒకటి తీసేస్తదంట. నాది తీసేయమన్న. మీయి ఐనా లేస్తయ్ గద."

"బానే ఉంది. మూడు వారాలు నా గోడకి నీళ్ళు పట్టావు, నా స్లాబు నాడు నా పక్కన నిలబడి కాంక్రీటు గమేళాలు అందుకున్నావు. నీకు మడిగె లేకపోతే ఆ బదులు నేను ఎక్కడ తీర్చుకోను? జీవితాంతం నన్ను నీకు బాకీ పడి ఉండమంటావా? నా వల్ల కాదు. నేను ఒకళ్ళకి బాకీ పడి ఉండే మనిషిని కాదు."

"నాకు దుకాణం ఎందుకు చెప్పు. నాకేం వ్యాపారం ఒస్తది?"

జంగయ్య రోడ్డు పక్కన పంక్చర్ వేస్తూ బయట నుండే అన్నాడు:

"అక్కా, గీ గమేళాలు, పారలు, నిచ్చెనలు, సెంట్రింగు చెక్కలు అన్నీ సంఘం పైసలతోని కొన్నం. తొమ్మిది లేచినంక ఏడ పెడ్తం? నా నెత్తి మీదనా? బడంగ్‌పేట దిక్కు మొత్తం ఇండ్లు కడుతున్నరు. కిరాయికి ఇయ్యి. ఏ చెక్క ఏడ పడ్తదో మా అందరికంటె నీకే ఎరుక."

నేను ఏదో చెప్పబోయేలోపు వాడు సున్నం డబ్బా తీసుకొని పోయి తొమ్మిదవ నంబరు జాగలో ముగ్గు పోశాడు. నేను వద్దంటూ వెంట పోయినాను. కిష్టమ్మ దారానికి ఒక కొస పట్టుకొని ఉన్నది, రెండవ కొస నా చేతికి ఇచ్చినది. దారం వదిలితే గీత వంకర పోతుంది గనుక పట్టుకోవలసి వచ్చినది. పట్టుకొని కొంచెం ఏడ్చినాను. గీత మాత్రం సక్కగా వచ్చినది.

కావున తొమ్మిదవది ఇప్పుడు నాలుగవది అయినది. మొదటి విడత సొమ్ము అయిపోయినందున, లేచిన మూడు మడిగెల వారు సిమెంటు, ఇనుప సలాక తలా కొంత తెస్తున్నారు, రాత్రిపూట కూడా లైటు పెట్టి కడతాము. రెండవ విడత రాగానే మిగిలిన ఐదూ మొదలుపెడతాము. వ్యాపారం అన్న చోట "గమేళాలు, పారలు, నిచ్చెనలు, సెంట్రింగు సామాను కిరాయికి ఇవ్వబడును" అని రాసుకోవలెను.

తమ నోటీసు గడువు 22వ తేదితో అయిపోతుంది. చూసినాము, ఆ రోజు ఆదివారం, తమ ఆఫీసు ఉండదు. మా స్లాబు ఉంటుంది. తమరు స్వయంగా వచ్చి చూసుకోవలెను, ఇంజినీరు సారును కూడా తీసుకొని రావలెను. మధ్యాహ్నం మాంసం భోజనం. తినని వారుంటే శనివారం లోపల చెబితే నాగేశ్వరి గారు వంకాయ వేరుగా చేస్తారు. గమేళాలు అందుకునే వరుసలో ఇద్దరు తక్కువ పడుతున్నారు. పాత బట్టలు వేసుకొని రావలెను.