వదిన అద్దం చూడటం లేదు

ఫిబ్రవరి 6, 2005. గద్వాల

పొద్దున వదిన ఛాయ్ తాగుతుంటే నోటి ఎడమ పక్క నుంచి కారి జాకెట్ మీద పడింది. నవ్వబోయింది... నోరు కుడివైపుకే వెళ్ళింది. ఎడమ కన్ను మూతపడటం లేదు.

"పద్మా, నా మొకం ఏమైంది?"

అన్నను కేకేశాను.

ఫిబ్రవరి 7

కర్నూలు వెళ్ళొచ్చాం. ముఖం నరానికి వాపట. మాత్రలు, కంట్లో చుక్కల మందు. చాలామందికి తగ్గుతుందన్నాడు డాక్టరు, కొందరికి కొంచెం మిగిలిపోతుందనీ అన్నాడు. "రోజూ అద్దం ముందు కూర్చుని బుగ్గలు పూరించాలమ్మా, కనుబొమలు ఎత్తాలి" అని చేసి చూపించాడు.

రైల్లో వదిన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే ఉంది. "అందరు నన్నే సూస్తున్నరు." ఎవరూ చూడటం లేదని చెప్పాను. నమ్మలేదు.

ఫిబ్రవరి 9

ముందు గదిలో పెద్ద అద్దం మీద దుప్పటి కప్పేసింది. వదిన కుట్టిన జాకెట్లు సరిచూసుకోవడానికి వచ్చినవాళ్ళు దుప్పటి వైపు చూసి, నా వైపు చూసి, అట్లాగే పట్టుకుపోయారు.

ఫిబ్రవరి 12

గోడ మీది బొమ్మలు తీసెయ్యమంది. పాత పత్రికల్లోంచి కత్తిరించి తనే అంటించుకున్న తెలుపు నలుపు హీరోయిన్లు. తీయలేదు. తీయలేను.

అచ్చంపేటలో వదిన పుట్టిల్లు సినిమా హాలు పక్కనే. పాత సినిమాలు ఆడినప్పుడల్లా వెళ్ళేదట. కథ గుర్తుండేది కాదు. బుట్ట చేతులకు కుచ్చులు ఎక్కడ పెట్టారో, కొప్పు మెడకు ఎంత ఎత్తున ఉందో, కాటుక కంటి కొస దాటి ఎంత దూరం పోయిందో... అవే గుర్తు. పెళ్ళయి ఈ వీధికి వచ్చినప్పుడు అట్లాగే తయారైతే ఆడవాళ్ళు నవ్వారు. "ఏందమ్మా, షూటింగ్ ఉన్నదా?" తర్వాత ఒక్కొక్కరే జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చారు. ముస్తాబుకు పెళ్ళికూతుళ్ళు వచ్చారు.

నన్నూ దీపం దగ్గర కూర్చోబెట్టింది ఒకసారి. నల్లగా, పుల్లలా ఉండేదాన్ని. ఆ గోడ వైపు చూపించి, "గామె గూడ సన్నగనే ఉన్నది సూడు. కండ్లే సూపిస్తది. నీ కండ్లు గూడ గంత పెద్దగున్నయి" అంది. అప్పటిదాకా ఎవరూ అనలేదు నాతో ఆ మాట.

ఫిబ్రవరి 15

పాత సినిమా సీడీ అద్దెకు తెచ్చి పెట్టాను. గడప దగ్గర నిలబడి చూసింది కొంతసేపు. హీరోయిన్ ఏడుస్తోంది, చెంప మీద కన్నీరు మెరుస్తోంది.

"ఆమె ఏడ్సినా మొకం వంకరవోదు. బంద్ చెయ్."

బంద్ చేశాను.

ఫిబ్రవరి 19

ఈరోజు కాటుక పెట్టనిచ్చింది. కుడి కన్ను బాగా వచ్చింది. ఎడమ కంట్లో నీళ్ళు ఆగవు... గీత చెంప మీదికి జారింది. తుడిచి మళ్ళీ గీశాను. మళ్ళీ జారింది.

సినిమాల్లో ఒక పక్కకు తిరిగి నిలబడతారు కదా వదినా, అన్నాను.

"సినిమాల ఒక దిక్కే సూపిస్తరు. ఇంట్ల రెండు దిక్కులుంటయి గద పద్మా."

కాటుక పెట్టె మూసేశాను. ఇంక గీయలేదు.

ఫిబ్రవరి 23

అన్న మిల్లు నుంచి వచ్చి చాప మీద వదిన ఎదురుగా కూర్చున్నాడు. బుగ్గలు పూరించాడు. కనుబొమలు ఎత్తాడు. "నన్ను సూసి చెయ్యి. అద్దం ఎందుకు?" వదిన గోడ వైపు తిరిగింది. అన్న ఆపకుండా కొంతసేపు అట్లాగే చేస్తున్నాడు.

ఫిబ్రవరి 26

మా వీధిలో ఉండే రిజ్వానా వాళ్ళమ్మ వచ్చింది. కూతురి పెళ్ళి దగ్గరికొచ్చింది, అబ్బాయిది వనపర్తి. పాత సినిమాల్లో రాణిలాగా కొప్పు, కాటుక కావాలని ఎప్పుడో చెప్పిపెట్టింది ఆ పిల్ల. "మీ వదిన తప్ప ఇంకెవ్వరొద్దంటుంది. ఏం జెయ్యాలె?"

లోపలి గదిలోంచి వదిన గొంతు. "పద్మ చేస్తది."

నేను పెట్టే కొప్పు ఒరిగిపోతుంది. వదినకు తెలుసు.

మార్చి 1

రిజ్వానా తనే వచ్చి నేరుగా లోపలికి వెళ్ళింది.

"అక్కా, నాకు నీ చేతులు గావాలె. మొకం ఎట్లుంటే ఏంది?"

అనేసి తనే ఏడ్చింది. వదిన అంది, "వస్త. జర అద్దం లేని గది సూడుండ్రి."

మార్చి 4

పెళ్ళి. కొప్పు చుట్టినంతసేపూ వదిన వెనకే ఉంది. ఎంత చక్కటి కొప్పు... కాటుకకు మాత్రం ముందుకు రావాలి. కొంగు పట్టుకుంటే చేతులు ఖాళీ ఉండవు. కొంగు వదిలేసింది.

"కండ్లు మూస్కో బిడ్డా."

రిజ్వానా మూసుకుంది. వదిన ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం కదల్లేదు. రెండు గీతలూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి.

"ఎట్లున్న అక్కా?" కళ్ళు తెరిచి తిన్నగా చూస్తూ అడిగింది.

వదిన నవ్వింది. ఇన్నాళ్ళకు.

అప్పుడే తలుపు దగ్గరున్న చంటిపిల్ల వదిన ముఖం చూసి గట్టిగా ఏడుపు అందుకుంది. ఎవరో ఎత్తుకుపోయారు. వదిన కాటుక పెట్టె నా చేతిలో పెట్టి ఒక్కతే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. రిజ్వానాకు ఇంకా దుపట్టా పిన్నులు పెట్టాలి. వెనక వెళ్ళలేకపోయాను.

మార్చి 5

కాటుక పెట్టె తెచ్చి వదిన పక్కన పెట్టాను, ముట్టుకోలేదు.

మార్చి 8

అచ్చంపేట పోతానంది. ఎన్ని రోజులకో చెప్పలేదు. "పోనియ్యి, జర మనసు కుదురుపడ్తది" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

మార్చి 9

బస్టాండు. వదిన ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చుంది. ప్లాట్‌ఫాం మీద ఇంతమందిమి... మాకందరికీ కనబడేది ఆ ఎడమ చెంపే. కొంగు అడ్డం పెట్టుకోలేదు. మరిచిపోయిందా? చూస్తే చూడనీ అనుకుందా? అన్నను అడిగాను.

"తెల్వదు."

బస్సు కదిలింది. చెయ్యి ఊపాను. వదిన ముందుకే చూస్తోంది.