స్పెయిన్‌లో కుడిపక్క

సరోజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బడిలో పిల్లలకు పటం మీద చూపించే గ్రనడా కోటను ఒక్కసారైనా కళ్లారా చూడాలనేదానివి కదా, అందుకే నేనూ, మన అమ్మాయి పద్మా స్పెయిన్ పోతున్నాం. సెవిల్, కోర్దోబా, గ్రనడా, మూడు ఊళ్లకూ కారు నేనే నడుపుతాను. ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాణ్ణి, ఇంకొకడి పక్కన కూర్చుంటానా?

చిక్కల్లా అక్కడ రోడ్డుకు కుడిపక్కన పోవాలట. అలవాటు చేసుకుందామని నిన్న పొద్దున రాయదుర్గం దాటాక, ఖాళీ రోడ్డు చూసి కారు కుడిపక్కకు తిప్పాను. మలుపులో గొర్రెల మంద ఎదురైంది. బ్రేకు తొక్కాను. కాపరి కర్ర ఎత్తాడు.

“ఏమన్నా, పొద్దున్నే తాగినావా?”

“లేదప్పా, స్పెయిన్ పోతాండా.”

“ఈ దావ ఆడికి పోదన్నా. కుందుర్పికి పోతాది.”

ఇంటికొచ్చి చెబితే పద్మ పడీపడీ నవ్వింది. తర్వాత తాను రాసిన ప్లాను చూపించింది. గ్రనడాకు ఒక్క పూటే ఇచ్చింది.

“ఒగ పూట యాడ సరిపోతాది? మీ అమ్మ నిదానంగా నడుస్తాది,” అన్నాను.

పద్మ కలం తీసి, ఒక పూట అన్నది కొట్టేసి, రెండు రోజులని రాసింది.