నీ చేతిరాత ఉన్న నీళ్ల సీసా

చెల్లీ ఎల్వీరా,

నాలుగేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు. అందరం బాగున్నాం.

నిన్న నేనూ మీ బావా కారులో సాన్ హువాన్ ఎడారి దాటుతున్నాం. మిట్టమధ్యాహ్నం, నలభై ఆరు డిగ్రీలు. ఇంజన్ బుసలుకొడుతూ ఆగిపోయింది. అదృష్టం, ఒకప్పుడు ఈ ఎడారిలోనే దాహంతో చనిపోయిన తల్లి గుడి దగ్గరే ఆగింది. ఆవిడ దాహం తీర్చడానికి మొక్కుకున్నవాళ్లు వదిలిన నీళ్ల సీసాలు గుట్టలుగా ఉన్నాయి.

"ఆ తల్లి నీళ్లు ముట్టుకుంటే పాపం!" అన్నాను.

"దాహం సంగతి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికి తెలుసే? ఇటివ్వు!" అన్నాడు మీ బావ.

చేతికందిన సీసా తీశాను. దానిమీద నీ కోడిగీతల రాత: "తల్లీ, మా అక్క నాతో మాట్లాడేట్టు చెయ్యి. తప్పు తనదే అయినా సరే."

నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వాను. ఎండదెబ్బ తగిలిందనుకుని మీ బావ సగం నీళ్లు నా నెత్తిన గుమ్మరించాడు. ఇంజన్ చల్లారాక మిగతా సగం, ఇంకో నాలుగు సీసాలూ రేడియేటర్లో పోస్తే కారు కదిలింది.

ఆదివారం వస్తున్నాం. మాంసం కజ్జికాయలు చెయ్యి. వాటిలో ఎండుద్రాక్ష వేస్తే పాడవుతాయని మనం మాటలు మానేసిన ఆ రోజు అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. అయినా నువ్వు వెయ్యి. నేను ఏరి పక్కన పెట్టుకుని తింటాను.

ఐదు సీసాల నీళ్లు నింపి ఉంచు. తిరుగుదారిలో ఆ తల్లికి ఇవ్వాలి. ఈసారి పైన నేను రాస్తాను: "మాట్లాడాను తల్లీ. తప్పు మాత్రం దానిదే."

మీ అక్క